కట్టమంచి రామలింగారెడ్డి గారు విద్యావేత్తా, రాజకీయ నాయకుడా? ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వీసీ మీద వచ్చిన వివాదాల గురించి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్లీ చెబుతాను. ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల సందర్భంగా మీ కాలేజీలో కట్టమంచి రామలింగారెడ్డి గారి మీద మాట్లాడమన్నారు. ఒకచోట చదివితే ఆయన బ్రిటిష్ ప్రభుత్వం మీద నిరసనగా వీసీ పదవిని వదిలేశారని ఉంది. ఇంకోచోట చదివితే అదే ప్రభుత్వం దగ్గర 'సర్' బిరుదు తీసుకున్నారని ఉంది. వదిలేసిన పదవిలోకే మళ్లీ వచ్చారు, పైగా పార్టీ కూడా మారారు. ఇంతకీ ఆయన్ని గొప్ప విద్యావేత్త అని చెప్పాలా, అవకాశం చూసుకుని నడిచిన రాజకీయ నాయకుడని చెప్పాలా, అసలు వివాదాలు ఏమిటి, ఇదీ మీ సందేహం.

నేను విశాఖలోనే చరిత్ర పాఠాలు చెప్పి రిటైర్ అయ్యాను. ఈ విషయం మీద చాలామంది పిల్లల చేత ప్రాజెక్టులు చేయించాను, పాత కేలండర్లు (విశ్వవిద్యాలయం తన వివరాలతో వేసే పుస్తకాలు), స్నాతకోత్సవ ప్రసంగాలు వాళ్లతోపాటు కూర్చుని చదివాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

ఆయన గొప్ప వీసీయే. రాజకీయం తెలిసిన మనిషి కాబట్టే అంత పని చేయగలిగారు. విద్యావేత్త ఒకవైపు, రాజకీయ నాయకుడు ఇంకోవైపు అని రెండు ముక్కలు చేస్తే ఆయన మీకు అర్థం కారు. ఇక వివాదాల సంగతి. మీరు అడిగిన రెండూ, అంటే రాజీనామా, సర్ బిరుదు, అందరూ మాట్లాడుకునేవి. నా దృష్టిలో వాటికంటే బరువైనది మూడోది ఉంది, విశ్వవిద్యాలయం ఎక్కడ ఉండాలన్న తగాదా, దానివల్ల రాయలసీమ దూరం కావడం. మీ ప్రసంగంలో అది లేకపోతే మాత్రం ప్రసంగం సగమే అవుతుంది.

ముందు మనిషి గురించి కొంచెం. 1880 డిసెంబర్ 10న చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్‌కు వెళ్లి సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. అక్కడి విద్యార్థుల చర్చావేదిక కేంబ్రిడ్జ్ యూనియన్‌కు ఉపాధ్యక్షుడయ్యారు, ఆ స్థానానికి ఒక భారతీయుడు రావడం అదే మొదలు. తిరిగి వచ్చాక బరోడా కాలేజీలో, తర్వాత మైసూరు మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పారు, మైసూరు సంస్థానంలో విద్యాశాఖ పెద్దగా కూడా పనిచేశారు. ఈలోగా తెలుగు సాహిత్యంలో 'కవిత్వతత్త్వ విచారము' రాసి ప్రబంధ కవుల మీద సూటిగా విమర్శ చేశారు. పండితులు మండిపడ్డారు. ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని ఆగే స్వభావం కాదన్నమాట, ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మైసూరు ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చారు. మద్రాసు శాసనమండలిలో జస్టిస్ పార్టీ సభ్యుడు. కొంతకాలానికే ఆ పార్టీ నాయకత్వంతో తెగిపోయింది. 1923 నవంబర్‌లో, మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిస్తున్న జస్టిస్ పార్టీ నాయకుడు పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది ఈయనే. తీర్మానం వీగిపోయింది, మంత్రివర్గం నిలబడింది. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం బిల్లును సభలో నడిపించిన విద్యామంత్రి ఎ.పి. పాత్రో, ఆ పానగల్ రాజా మంత్రివర్గంలోని వారే. 1926లో విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు తొలి వీసీగా కూర్చున్నదేమో, ఆ మంత్రివర్గాన్ని దించేయాలని చూసిన రామలింగారెడ్డి.

నేను ఈ మాట క్లాసులో చెబితే పిల్లలు వెంటనే "అంటే లోపల ఏదో ఒప్పందం అయిందన్నమాట" అనేవారు. అలా అనడానికి ఆధారం ఒక్కటి కూడా ఎవరూ చూపించలేదు. నాకు తోచేది వేరు. కొత్త విశ్వవిద్యాలయానికి అప్పుడు భవనాలు లేవు, సొంత బోధన లేదు, ఉన్నదల్లా ఒక చట్టం, పరీక్షలు పెట్టే అధికారం. మద్రాసు వాళ్ల నీడలోంచి బయటికి వచ్చిన తెలుగువాళ్ల తొలి విశ్వవిద్యాలయం అది. సభలో నిలబడి డబ్బు అడగగలవాడు, జమీందార్ల దగ్గరికి వెళ్లి చందా రాయించగలవాడు, దొరలతో వాళ్ల భాషలోనే వాదించగలవాడు కావాలి. గదిలో కూర్చుని పుస్తకం రాసుకునే పండితుడికి అది సాధ్యమయ్యే పని కాదు. ఆ రోజున ఆ పనికి రెడ్డి గారి కంటే సరిపోయే మనిషి తెలుగునాట ఇంకొకరు ఉన్నారని నేను అనుకోను.

ఇప్పుడు రాజీనామా. ఉప్పు సత్యాగ్రహం జరుగుతున్న రోజులు. ప్రభుత్వం లాఠీలతో, అరెస్టులతో విరుచుకుపడుతోంది. ఆ అణచివేతకు నిరసనగా రెడ్డి గారు వీసీ పదవికి రాజీనామా ఇచ్చారు. 1931లో ఆయన స్థానంలోకి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు.

నా దగ్గర ప్రాజెక్టు చేసిన ఒక అబ్బాయి దీన్ని "గాంధీగారి పిలుపు అందుకుని పదవిని త్యాగం చేశారు" అని రాసుకొచ్చాడు. ఆ వాక్యం కొట్టేయించాను. ఆయన గాంధీగారి శిష్యుడు కారు, సహాయ నిరాకరణలో దిగిన మనిషీ కారు, చట్టసభలో కూర్చుని వాదించే పద్ధతి ఆయనది. ఆయన నిరసన ప్రభుత్వం జనాన్ని కొట్టిన తీరు మీద. విశ్వవిద్యాలయానికి చాన్సలర్ మద్రాసు గవర్నరే. ఆ గవర్నర్ పేరు మీద నడుస్తున్న ప్రభుత్వం లాఠీలు ఝళిపిస్తుంటే, అదే గవర్నర్ కింద వీసీ కుర్చీలో మాట్లాడకుండా కూర్చోలేకపోయారు. ఆ రెండు కారణాలకీ తేడా చాలా ఉంది. ఆ తేడాను చెరిపేస్తే మనం ఆయనకు గౌరవం పెంచినట్టు కాదు, ఆయన చేసిన పనిని మార్చి చెప్పినట్టు.

ఇంకొక అమ్మాయి దీనికి పూర్తిగా ఎదురు రాసింది, "ఎలాగూ పదవీకాలం దగ్గరపడింది కాబట్టి పేరు కోసం చేశారు" అని. ఆ వాదన కూడా నిలవదు. మూడు పార్టీలు కొట్లాడుకుంటున్న సభలో పెరిగిన మనిషికి, ప్రభుత్వాన్ని బహిరంగంగా తప్పుపడితే మళ్లీ పదవి దొరకడం ఎంత కష్టమో తెలియదా? తర్వాత ఐదేళ్లపాటు ఆయన వీసీ కాదు. తిరిగి వస్తారని అప్పుడు ఎవరూ రాసి ఇవ్వలేదు.

మరి తిరిగి ఎలా వచ్చారంటారా? అప్పట్లో వీసీని సెనేట్, అంటే విశ్వవిద్యాలయ సభ, సభ్యులు ఓటు వేసి ఎన్నుకునేవారు. రాధాకృష్ణన్ అలాగే వచ్చారు. 1936లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ఆచార్య పదవికి వెళ్లినప్పుడు ఖాళీ అయిన చోటికి రెడ్డి గారు తిరిగి వచ్చి, 1949 దాకా ఉన్నారు. అంటే పదమూడేళ్లు. ప్రభుత్వం దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడి తెచ్చుకున్న పదవి కాదు కాబట్టి, "వదిలేసిన పదవిని మళ్లీ అడుక్కున్నారు" అన్న మాట కుదరదు. మీ ప్రసంగం తర్వాత ఎవరైనా ఇది అడిగితే ఈ ఒక్క విషయం చెప్పండి, చాలు.

ఇక సర్ బిరుదు. దీని మీద టెన్షన్ పడాల్సిన పని లేదు, తేదీలు చూసుకుంటే సగం తేలిపోతుంది. చాలామంది "క్విట్ ఇండియా ఉద్యమం జరుగుతుంటే బిరుదు తీసుకున్నారు" అంటారు. ఆ బిరుదు వచ్చింది 1942 నూతన సంవత్సరపు జాబితాలో. అంటే జనవరి. క్విట్ ఇండియా తీర్మానం ఆగస్టులో. ఈ రెండింటి మధ్యలో, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మన విశాఖ మీద బాంబులు వేశాయి. ఏది ముందు ఏది వెనక అన్నది సరిచూసుకోకుండా ఒక మనిషి మీద ఇంత పెద్ద మాట వేయకూడదు.

అయినా మీరు "సరే, ఆగస్టు కాకపోతే జనవరి, నిరసనగా రాజీనామా చేసినవాడు ఆ ప్రభుత్వం ఇచ్చే బిరుదు ఎందుకు తీసుకోవాలి?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. నా అభిప్రాయం చెబుతాను. తీసుకోకపోతే బాగుండేది. ఆ రాజీనామాకున్న వన్నె కొంత తగ్గింది, అది ఒప్పుకోవాలి. కానీ ఇక్కడ ఒక పక్షపాతం కూడా ఉంది. రాధాకృష్ణన్ గారికి సర్ బిరుదు 1931లో వచ్చింది, సరిగ్గా ఆయన విశాఖలోని వాల్తేరుకు వీసీగా వచ్చిన ఏడాదే, సత్యాగ్రహం సెగ ఇంకా చల్లారకముందే. దాని గురించి ఎవరూ అడగరు, ఎందుకంటే తర్వాత ఆయన రాష్ట్రపతి అయ్యారు, టీచర్స్ డే అయ్యారు. ఇద్దరికీ ఒకే కొలత పెట్టండి. ఆ రోజుల్లో విశ్వవిద్యాలయాలు నడిపిన పెద్దమనుషులకు ఈ బిరుదులు రావడం మామూలు. బిరుదు వచ్చాక ఆయన పని మారిందా, ప్రభుత్వానికి తల వంచారా అన్నది చూడాలి. నేను చూసిన కాగితాల్లో అలాంటిదేమీ కనిపించలేదు.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు వివాదానికి వస్తాను. విశ్వవిద్యాలయం ఎక్కడ ఉండాలి?

మొదట కేంద్రం బెజవాడలో పెట్టారు. అక్కడితో ఆగలేదు. రాజమండ్రి వాళ్లు మాకు కావాలన్నారు, విశాఖ వాళ్లు మాకన్నారు, దత్త మండలాల వాళ్లు, అంటే ఇప్పటి రాయలసీమ వాళ్లు, అనంతపురం అన్నారు. సెనేట్‌లో తగాదా, పత్రికల్లో తగాదా, శాసనమండలిలో తగాదా. చివరికి చట్టం సవరించి వాల్తేరు ఖాయం చేశారు, 1930లో కేంద్రం ఇక్కడికి వచ్చింది. మనం విశాఖవాళ్లం, ఈ కథను ఇక్కడితో ఆపేస్తాం. కొండల పక్కన, సముద్రం ఎదురుగా ఇంత మంచి చోటు దొరికిందని సంతోషిస్తాం.

కానీ దాని రెండో సగం ఏమిటంటే, వాల్తేరు తమకు మరీ దూరమని దత్త మండలాల కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి బయటికి వెళ్లి మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయంలో చేరాయి. తెలుగువాళ్లందరికీ ఒక విశ్వవిద్యాలయం అని మొదలుపెట్టినది నాలుగైదేళ్లలోనే సర్కారు జిల్లాల, అంటే కోస్తా జిల్లాల, విశ్వవిద్యాలయం అయిపోయింది. ఆ కాలంలో వీసీగా ఉన్నది ఎవరు? చిత్తూరు మనిషి, కట్టమంచి బిడ్డ.

నా దగ్గర చదువుకున్న ఒక అనంతపురం కుర్రాడు వాళ్ల తాతగారి మాటలు చెప్పేవాడు. ఆ ఇంట్లో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని "వాళ్ల యూనివర్సిటీ" అనేవారట. డిగ్రీ చదవాలంటే మద్రాసు రైలు ఎక్కడం వాళ్లకు అలవాటు, వాల్తేరు అంటే వేరే దేశం లెక్క. ఈ మాట విన్నాకే నేను ఆ ఫైళ్లను మళ్లీ జాగ్రత్తగా చదవడం మొదలుపెట్టాను. ఈ గాయం ఎంత లోతుకు పోయిందంటే, 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు, అందులో విశ్వవిద్యాలయం సంగతి ఒక ముఖ్యమైన షరతు. వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి, రెండు కేంద్రాలు పెంచాలని రాసుకున్నారు. నీళ్ల గురించి, రాజధాని గురించి మాట్లాడుకున్న చోటే విశ్వవిద్యాలయం గురించి కూడా మాట్లాడుకున్నారంటే అది ఎంత పెద్ద విషయమో చూడండి. రాయలసీమకు సొంత విశ్వవిద్యాలయం 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రూపంలో గాని రాలేదు.

ఇది రెడ్డి గారి తప్పా? ఆయన ఒక్కడి తప్పు అనడం అన్యాయం. చోటు నిర్ణయించింది సెనేట్, శాసనమండలి, ప్రభుత్వం. ప్రతి జిల్లా వాళ్లూ తమ ఊరికోసమే లాగారు, అందరికోసం మాట్లాడినవాళ్లు తక్కువ. కానీ వీసీ అంటే ఆ సంస్థకు ముఖం. సగం ఇల్లు విడిపోతుంటే పెద్దమనిషిగా ఉన్నవాడి పేరు అందులో రాకుండా పోదు. సభలో అంత వాగ్ధాటి చూపించిన మనిషి, సొంత సీమ వాళ్లను ఒప్పించి నిలుపుకోలేకపోయారు. ఆయన పదవీకాలంలో నాకు బాధ కలిగించే విషయం ఇది ఒక్కటే. రాజీనామా మీద, బిరుదు మీద గంటలు గంటలు వాదించుకుని దీన్ని ఒక్క వాక్యంలో దాటేసే వ్యాసాలు చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇక ఆయన్ని గొప్పవాడు అని ఎందుకన్నానో చెప్పాలి. ఇందుకు నేను చూసేది రెండోసారి చేసిన పదవీకాలం, 1936 నుంచి 1949 వరకు. మొదటి ఐదేళ్లూ పునాదులు తవ్వడంతోనే సరిపోయాయి. క్యాంపస్‌లో సొంతంగా పాఠాలు చెప్పడం రాధాకృష్ణన్ వచ్చాక 1931లో మొదలైంది. ఆయన దేశం నలుమూలల నుంచి ఏరి ఏరి మనుషుల్ని తెచ్చారు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ, వి.కె.ఆర్.వి. రావు, భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయనానికి టి.ఆర్. శేషాద్రి. 1933లో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చి ఇక్కడ ఉపన్యాసాలిచ్చారు. జయపూరు (ఇప్పటి ఒడిశాలోనిది) మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు, ఆ రోజుల్లో లక్ష అంటే ఏమిటో ఊహించుకోండి. సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

అందరూ ఇక్కడే ఆగి "ఏయూ స్వర్ణయుగం రాధాకృష్ణన్‌ది" అంటారు. కాదనను. కానీ ఆ పేర్లలో ఎవరు ఎంతకాలం ఉన్నారో చూడండి. కబీర్, ముఖర్జీ, వి.కె.ఆర్.వి. రావు కొద్దికాలానికే వెళ్లిపోయారు. భగవంతం 1948 వరకు, శేషాద్రి 1949 వరకు ఇక్కడే ఉన్నారు, అంటే రెడ్డి గారి రెండో విడత దాదాపు మొత్తం. తీసుకురావడం ఒక పని, పదిహేనేళ్లు నిలుపుకోవడం ఇంకో పని. బయటి నుంచి పిలుపులు వచ్చే స్థాయి ఉన్నవాళ్లను, డబ్బు చాలని ఒక చిన్న విశ్వవిద్యాలయంలో, అదీ యుద్ధకాలంలో, పరిశోధన మానకుండా ఉంచడం మామూలు విషయం కాదు.

ఆ యుద్ధకాలం సంగతి మన విశాఖ పిల్లలకే సరిగ్గా తెలియదు, అందుకే కొంచెం చెబుతాను. బాంబులు పడ్డాక ఊరు సగం ఖాళీ అయింది. క్యాంపస్ సైన్యం చేతిలోకి వెళ్లింది. విశ్వవిద్యాలయాన్ని ఎత్తుకుని గుంటూరుకు తీసుకుపోయారు. ఆఫీసు కాగితాలు సరే, మూటకట్టి పట్టుకుపోవచ్చు. ప్రయోగశాలలు? గాజు సామాను, యంత్రాలు, గ్యాసు లైన్లు, రసాయనాలు? గ్రంథాలయం? అప్పటికి గ్రంథాలయం చూసుకునేది అబ్బూరి రామకృష్ణారావు గారు. ఇంత సరంజామాతో వేరే ఊళ్లో అద్దె గదుల్లో క్లాసులు నడిపి, పరీక్షలు పెట్టి, యుద్ధం ముగిశాక మళ్లీ ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. నేను కాలేజీలో చిన్న పరీక్షా కేంద్రం నడిపిన మనిషిని, ఒక సెంటర్ మారిస్తేనే ఎంత గందరగోళమో నాకు తెలుసు. ఒక విశ్వవిద్యాలయాన్ని పూర్తిగా తరలించి, డిగ్రీల మీద ఎవరూ వేలెత్తి చూపకుండా నడిపించడం అంటే దాని వెనక ఎంత శ్రమ ఉండాలి!

ఆ తరలింపుకు ముందే, 1941లో, భూగర్భశాస్త్ర విభాగం మొదలైంది. గణితంలో ఎంఏ చేసి ఇక్కడి నుంచి కలకత్తా వెళ్లిన కుర్రాడు తర్వాత ప్రపంచ ప్రసిద్ధ గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు అయ్యారు. 1938లో గిడుగు రామమూర్తి గారికి విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చి గౌరవించింది. పండితులు ఏళ్ల తరబడి తిట్టిపోసిన మనిషికి, తెలుగువాళ్ల విశ్వవిద్యాలయం నిండు సభలో తల వంచి నమస్కరించడం చిన్న సంగతేమీ కాదు. పదవి చివర్లో, 1948 డిసెంబర్‌లో, రెడ్డి గారి పేరు మీద పెట్టిన జాతీయ బహుమతిని శ్రీ అరవిందులకు ఇచ్చారు. బరోడా కాలేజీలో అరవిందులు పనిచేసిన చోటే తర్వాత రెడ్డి గారు పనిచేశారు కూడా. అరవిందులు పుదుచ్చేరి వదిలి వచ్చే మనిషి కాదు కాబట్టి సందేశం రాసి పంపారు. భాషా రాష్ట్రాల గురించి, దేశ ఐక్యత గురించి అందులో ఆయన చేసిన ఆలోచనను, ఆంధ్ర రాష్ట్రం కోసం ఊళ్లన్నీ ఉడుకుతున్న ఆ రోజుల్లో తెలుగు విద్యార్థులు విన్నారు. సమయం చూసి సరైన గొంతును సరైన సభలోకి తీసుకురావడం, ఇదిగో, ఇదే రాజకీయం తెలిసిన వీసీ చేసే పని.

రెండు జాగ్రత్తలు చెబుతాను, ప్రసంగం రాసేటప్పుడు పనికొస్తాయి.

ఆయన పేరు మీద చతురోక్తులు, కొంటె సమాధానాలు బోలెడు తిరుగుతుంటాయి. పాత ఉద్యోగులు నాకు కూడా చాలా చెప్పారు, వినడానికి బాగుంటాయి. ఒకే మాటను ఒకరు రెడ్డి గారిదంటారు, ఇంకొకరు వేరే వీసీది అంటారు. స్నాతకోత్సవ ప్రసంగాల్లో అచ్చయిన మాటలే వాడండి. అచ్చులో లేనిది ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

ఇప్పటి వీసీలతో పోల్చి మార్కులు వేయకండి. పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడు చాలాసార్లు చూశాను, పిల్లలు ఆవేశంగా "నాటి వీసీలు ఎక్కడ, నేటి వీసీలు ఎక్కడ" అని ముగించేస్తారు, చప్పట్లు కూడా పడతాయి. కానీ ఆ పదవే మారిపోయింది. అప్పట్లో సెనేట్ ఎన్నిక. ఇప్పుడు 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కింద సెర్చ్ కమిటీ పేర్లు సూచించాక నియామకం జరుగుతుంది, పదవీకాలం మూడేళ్లు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌గా గానీ, పేరున్న పరిశోధన లేదా విద్యాపాలన సంస్థలో గానీ పదేళ్లు చేసి ఉండాలి. మూడేళ్లలో మొదటి ఏడాది పరిస్థితి తెలుసుకోవడానికి, చివరి ఏడాది తర్వాత ఎవరు వస్తారన్న గుసగుసలకే సరిపోతుంది. రెడ్డి గారికి రెండు విడతలూ కలిపి పద్దెనిమిదేళ్లు దొరికాయి. అంత కాలం ఇస్తే ఎవరైనా ఏమైనా చేస్తారని కాదు నా ఉద్దేశం, కానీ ఆ సంగతి చెప్పకుండా పోల్చడం సరికాదు. ఎన్నికల పద్ధతిలో కూడా కులం, జిల్లా, జమీందారీ పలుకుబడి అన్నీ పనిచేసేవి, అదేదో స్వచ్ఛమైన కాలం అనుకోకండి.

ప్రసంగం ఎంతసేపో మీరు చెప్పలేదు. పది నిమిషాలైతే నేనైతే ఇలా పంచుతాను: చదువు, మైసూరు, శాసనమండలి కలిపి రెండు నిమిషాలు. రాజీనామా, బిరుదు తేదీలతో సహా రెండు నిమిషాలు. రాయలసీమ సంగతికి కచ్చితంగా మూడు నిమిషాలు. మిగతాదంతా గుంటూరు తరలింపు, శాస్త్రవేత్తలను నిలుపుకోవడం. ఆ చివరి భాగం సభలో ఎవరూ విని ఉండరు, జాగ్రత్తగా వింటారు. వీలైతే డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో అడిగి ఆ కాలపు కేలండర్లు ఒకసారి తిరగేయండి. ఆ వి.ఎస్. కృష్ణా గారే 1949లో రెడ్డి గారి తర్వాత వీసీ అయ్యారు. రెడ్డి గారు అక్కడి నుంచి మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో చాన్సలర్‌గా వెళ్లారు, 1951 ఫిబ్రవరి 24న పోయారు.

మీరు చివర్లో అడిగిన చిన్న ప్రశ్న, పేరు ముందు 'సర్' పెట్టాలా వద్దా అని. ఏలూరులో 1945లో పెట్టిన సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ పేరులో 'సర్' ఉంది కాబట్టి అక్కడ అలాగే చెప్పాలి, అది ఆ సంస్థ పేరు. ఆయన గురించి మాట్లాడేటప్పుడు మాత్రం 1942కు ముందు సంఘటనలకు 'సర్' తగిలించకండి. "సర్ సి.ఆర్. రెడ్డి నిరసనగా రాజీనామా చేశారు" అని చెబితే సభలో ఎవరో ఒకరు తప్పకుండా లేచి అడుగుతారు, మీరు మళ్లీ తేదీలన్నీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తుంది. కట్టమంచి రామలింగారెడ్డి గారు అనండి. ఇంకేమైనా సందేహం ఉంటే ఇక్కడే అడగండి, శ్రీబాగ్ ఒడంబడిక మీద విడిగా కావాలన్నా రాస్తాను.